కొసరు పుచ్చుకునే హోటళ్ళు

కూరగాయల బజారుకు వెళ్ళే అలవాటున్న వాళ్ళకు కొసరంటే ఏమిటో చెప్పనక్కరలేదు. కిలో వంకాయలు తూచి సంచిలో పోసిన తరవాత, అమ్మే ఆవిడ మరో రెండు కాయలు పైన వేస్తుంది. వెయ్యకపోతే మన ఇల్లాలు ఊరుకోదు; తనే వంగి రెండు కాయలు ఏరుకుంటుంది. పూలమ్మి మూర కొలిచి, పైన నాలుగు పూలు వదిలి తెంపుతుంది. కొసరు ఇచ్చే చెయ్యి అమ్మేవాళ్ళది, పుచ్చుకునే చెయ్యి కొనేవాళ్ళది. ఇందులో ఎవరికీ ఎన్నడూ సందేహం కలగలేదు.

ఈ ధర్మం తలకిందులైన చోటు ఒకటున్నది. అది హోటలు. హోటలంటే ఇడ్లీ, కాఫీ దొరికే హోటలు కాదు (దాని సంగతి కూడా తరవాత వస్తుంది). ఊరుగాని ఊరు వెళ్ళినప్పుడు రాత్రి తలదాచుకునే హోటలు. అక్కడ అద్దె ఇంత అని మొదట ఒక అంకె చెబుతారు. ఆ అంకె చూసి సంతోషించి, గది ఖాయం చేసుకుని, రైలో విమానమో ఎక్కుతాం. ఆ తరవాత ఒక్కొక్కటిగా కొసరు మొదలవుతుంది. ఈసారి ఇచ్చే చెయ్యి మనది.

ఈ విద్యలో ఆరితేరిన ఊరు ఒకటి చెప్పమంటే, అమెరికాలో నెవాడా రాష్ట్రంలోని లాస్ వేగాస్ పేరు చెప్పాలి. మనకూ ఆ ఊరికీ ఏం సంబంధమని కొట్టిపారెయ్యడానికి వీల్లేదు. కొడుకో కూతురో అమెరికాలో ఉద్యోగం చేస్తున్న మధ్యతరగతి కుటుంబాలు మన వీధుల్లో బోలెడున్నాయి. రిటైరైన తల్లిదండ్రులు వెళ్ళి కొన్నాళ్ళు వుంటారు. వుండగా పిల్లలు గ్రాండ్ కాన్యన్ చూపించాలనుకుంటారు. ఆ దారిలోనే ఈ ఊరు. జూదమాడని వాళ్ళు కూడా దీపాల తోరణం చూడడానికి అక్కడ రెండు మూడు రాత్రులు ఆగుతారు. 2025 మే నెల దాకా అక్కడి హోటళ్ళ గుమస్తా బల్ల దగ్గర నడిచిన ప్రహసనం సుమారు ఇలా వుండేది.

“రాత్రికి ఎంతరా అబ్బాయీ?” అని తండ్రి అడుగుతాడు.

“ఎనభై తొమ్మిది డాలర్లు, నాన్నా. ఇంత పెద్ద హోటల్లో అది చాలా చవక.”

ఇంతలో బల్లవెనక అమ్మాయి చిరునవ్వు చెదరకుండా, రిసార్టు ఫీజు రాత్రికి మరో నలభై ఐదు అంటుంది.

“అదేమిట్రా?”

“ఈతకొలను, వ్యాయామశాల, ఇంటర్నెట్టు - వాటికి నాన్నా.”

“మీ అమ్మా నేనూ ఈత కొట్టం గదా!”

“కొట్టకపోయినా ఇవ్వాలి.”

“అయితే ఒకసారి దిగి తడిసి వద్దామండీ, ఇచ్చిన డబ్బు దండగెందుకు?” అని తల్లి.

నవ్వుకోవడానికి బాగానే వుంది గాని, లెక్క వేస్తే నవ్వు ఆగిపోతుంది. 89, 45 అనే అంకెలు లెక్క కోసం వేసుకున్నవి. ఆ ఊళ్ళో ఈ ఫీజు 50 డాలర్లు దాటిన పెద్ద హోటళ్ళు కూడా వున్నాయి. పన్ను శాతం మాత్రం ఆ ఊరి ప్రధాన వీధిలో వున్నదే: 13.38. ఆ పన్ను అద్దె మీదనే కాదు, ఫీజు మీద కూడా పడుతుంది. 89కి 45 కలిపితే 134. దాని మీద పన్ను దాదాపు 18. వెరసి రాత్రికి 152 డాలర్లు. మూడు రాత్రులకు 456. అబ్బాయి మనసులో వేసుకున్న లెక్క 267. తేడా దగ్గర దగ్గర 190 డాలర్లు. అంటే, ఆ అద్దెకు మరో రెండు రాత్రులు వుండగలిగినంత సొమ్ము, వుండకుండానే పోయింది.

ఆ పన్నులో 0.88 శాతం సంగతి కూడా చెప్పాలి. ఆ ఊళ్ళో ఫుట్‌బాల్ స్టేడియం కట్టడానికి 2017 నుంచి హోటలు గదుల మీద వేసిన పన్ను అది. ఆ స్టేడియానికి ప్రజాధనం వాటా 75 కోట్ల డాలర్లు. గుంటూరు నుంచి వెళ్ళిన పెద్దాయన, బంతి గుండ్రంగా కాక కోడిగుడ్డులా వుండే ఆ ఆట ఒక్కసారైనా చూడకపోయినా, స్టేడియంలో ఆయన ఇటుక ఒకటున్నదన్నమాట. కాని దీన్ని హోటలు నేరం అనలేం. పన్ను ప్రభుత్వం వేసింది, ప్రభుత్వానికే పోతుంది. మన తగాదా పన్నుతో కాదు, పన్నులాగా వేషం వేసుకు వచ్చిన ఫీజుతో.

ఈత రానివాడికీ ఈతకొలను

ఈ రిసార్టు ఫీజు 1990ల చివర తల ఎత్తింది. సముద్రపు ఒడ్డున వుండే విడుదుల్లో ఈతకొలనుకొక రుసుము, తువ్వాలుకొక రుసుము, కుర్చీకొక రుసుము అని అతిథిని మాటిమాటికీ జేబు తడమనివ్వకుండా, అన్నీ కలిపి ఒకే మొత్తం తీసుకుంటున్నామన్నారు. వినడానికి సబబుగానే వుంది. కాని ఒంటె గుడారంలోకి తల పెట్టాక తల దగ్గర ఆగుతుందా? ఆ ఫీజు సముద్రం లేని చోటికి పాకింది. తరవాత ఈతకొలను లేని చోటికి కూడా పాకింది. న్యూయార్కు నడిబొడ్డున, ట్రాఫిక్కు హోరు మధ్య లేచిన హోటలును రిసార్టంటే జనం నవ్వుతారు. అందుకని అక్కడ ‘డెస్టినేషన్ ఫీజు’ అని పేరు పెట్టారు. మరో చోట ‘ఎమినిటీ ఫీజు’, ఇంకో చోట ‘ఫెసిలిటీ ఫీజు’. గమ్యం చేరినందుకు ఫీజు పుచ్చుకోవడం యముడి కొలువులో కూడా విన్నట్టు లేదు.

ఈ ఫీజుకు బదులుగా ఏమిస్తారో పట్టిక వేసి చూపిస్తారు: ఇంటర్నెట్టు, వ్యాయామశాల, ఊళ్ళో మాట్లాడుకునే ఫోను, విమానం ఎక్కే చీటీ అచ్చువేసి ఇవ్వడం. జేబులో సెల్లుఫోను వున్నవాడికి గదిలో ఫోనెందుకు? ఆ చీటీ కూడా ఫోనులోనే వుంటుంది గదా? అయినా పట్టికలో వాటి స్థానం వాటిదే. పైగా ఈ ఫీజు గదికి ఇంత అని లెక్క. ఒక్కడే వున్నా అంతే, నలుగురున్నా అంతే.

అసలు ప్రశ్న వేరు. 89 డాలర్ల అద్దె, 45 డాలర్ల ఫీజు అనే బదులు, అద్దె 134 అని హోటలువాడు ఒక్క మాటలో చెప్పవచ్చు గదా? కలిసిపోయేది ఎలాగూ అతని పెట్టెలోనే. ఎందుకు చెప్పడు?

చెప్పకపోవడానికి బలమైన కారణాలే వున్నాయి. ఈ రోజుల్లో గది వెతికేవాళ్ళు కంప్యూటరులోనో ఫోనులోనో వందల హోటళ్ళ ధరలు ఒకేచోట చూస్తారు. చవకవి పైన, ప్రియమైనవి కింద. అందులో 89 అని రాసినవాడు పైమెట్టు మీద కూర్చుంటాడు. ఏ కొసరూ లేకుండా 125 అని ఉన్నమాట రాసినవాడు కింద ఎక్కడో కనబడకుండా పోతాడు. నిజానికి వీడి గదే తొమ్మిది డాలర్లు చవక. ఇక్కడే అసలు అన్యాయం వున్నది. దాచిన ధర ప్రయాణికుడి జేబు ఒక్కటే కొట్టదు. నిజం చెప్పిన పొరుగు హోటలు కడుపు కూడా కొడుతుంది. ఏడాది తిరిగేసరికి ఆ పొరుగువాడు కూడా అద్దె 85 అని, ఫీజు 40 అని రాయడం మొదలుపెడతాడు. ఒక వీధిలో ఒకడు తప్పుడు తూకం పెడితే మిగతావాళ్ళు ఎన్నాళ్ళు సరిగా తూచగలరు?

రెండోది దళారీ లెక్క. గది కుదిర్చిన సంస్థకు హోటలు కమీషను ఇచ్చుకోవాలి. ఆ కమీషను సాధారణంగా అద్దె మీద లెక్కగడతారు. ఫీజు మీద వాటా లేకపోతే, వచ్చింది వచ్చినట్టు హోటలుకే మిగులుతుంది. ఈ మాట హోటలువాళ్ళ తరఫున చెప్పాలి. దళారుల కమీషను బరువు తక్కువేమీ కాదు, దాన్ని తప్పించుకోవాలని వాళ్ళకు వుండడంలో తప్పూ లేదు. కాని ఆ బరువు దించుకునే నెత్తి ప్రయాణికుడిది కావడమే చిక్కు.

ధర ఇలా విడతలుగా చెప్పడానికి వ్యాపార శాస్త్రంలో ‘డ్రిప్ ప్రైసింగ్’ అని పేరు. ఆస్పత్రిలో సెలైను ఎక్కించినట్టు బొట్టు బొట్టుగా ధర ఎక్కించడం. ఇది ఎంత బాగా పనిచేస్తుందో ఒకచోట కొలిచి చూశారు కూడా. అది హోటలు కాదు, ఆటల టిక్కెట్లు, కచేరీ టిక్కెట్లు తిరిగి అమ్మే స్టబ్‌హబ్ అనే అమెరికా సంస్థ. 2015లో వచ్చినవాళ్ళను రెండు భాగాలు చేశారు. సగం మందికి ఫీజులతో కలిపి మొత్తం ధర మొదటే చూపించారు. తక్కిన సగానికి ఫీజులు చివర చూపించారు. చివర చూసినవాళ్ళు దాదాపు 21 శాతం ఎక్కువ ఖర్చు పెట్టారని పరిశోధకులు లెక్క తేల్చారు. వీళ్ళేమీ అమాయకులు కారు. సీటు ఎంచుకున్నారు, స్నేహితులకు చెప్పారు, మనసులో ఆటకు వెళ్ళి కూర్చున్నారు. ఏనుగును కొన్నవాడు అంకుశం దగ్గర బేరమాడతాడా?

హోటలు విషయంలో ఈ లోకువ ఇంకా ఎక్కువ. టిక్కెట్టు కొనేవాడు కనీసం ఇంట్లో కూర్చుని వుంటాడు. హోటలు బల్ల ముందు నిలబడ్డవాడి వెనక పెట్టెలున్నాయి, నిద్ర చాలని పిల్లలున్నారు, కాళ్ళు వాచిన తల్లి వున్నది, పక్కన వేరే కుటుంబాలు వరసలో నిలబడి చూస్తున్నాయి. పదిమంది ముందు డబ్బు దగ్గర బేరమాడడం మధ్యతరగతి మనిషికి మహా కష్టం. ఇంటి దగ్గర పాలవాడితో అరగంట వాదించగల మనిషి కూడా అక్కడ నోరు మెదపకుండా కార్డు తీసి ఇస్తాడు. ఆ రాత్రి అతనికి పట్టని నిద్ర నలభై ఐదు డాలర్ల కోసం కాదు. అడగలేకపోయానే అన్నది లోపల ముల్లులా గుచ్చుతుంది.

మొదటిసారి వెళ్ళే పెద్దవాళ్ళకు చెప్పవలసిన ముచ్చట్లు మరి రెండున్నాయి. గదిలో చిన్న ఫ్రిజ్‌లాంటి పెట్టె వుంటుంది. దాన్నిండా సీసాలు, చాక్లెట్లు పేర్చి వుంటాయి. మన అమ్మ ఏం చేస్తుంది? కూడా తెచ్చిన పెరుగు డబ్బా, గోంగూర పచ్చడి సీసా పెట్టడానికి వాటిని తీసి బల్లమీద సర్దుతుంది. ఆ ఊరి హోటళ్ళలో కొన్నిటిలో ఆ సీసాల కింద కనబడని తూకపు మీటలున్నాయి. వస్తువు కదిలి కొద్దిసేపు వెనక్కి రాకపోతే అమ్ముడుపోయినట్టు లెక్క, బిల్లులో పడుతుంది. మన సామాను అందులో పెట్టుకున్నందుకు విడిగా రుసుము వేసే హోటళ్ళు కూడా వున్నాయి. పచ్చడి పాడైపోయేది కాదు, పెట్టెలోనే వుండనివ్వడం మంచిది.

రెండోది కార్డు మీద వేసే తాళం. గదిలో దిగేటప్పుడు, ముందు జాగ్రత్త అని చెప్పి, హోటలువాళ్ళు కార్డు మీద కొంత సొమ్ము పట్టి వుంచుతారు. ఖాళీ చేసి వెళ్ళాక వదిలేస్తారు. ఇది ఫీజు కాదు, తిరిగి వచ్చేదే. కాని అప్పుకార్డు కాక బ్యాంకు ఖాతాకు కట్టిపడేసిన డెబిట్ కార్డు ఇస్తే, ఆ సొమ్ము కొన్ని రోజులపాటు మన ఖాతాలోనే వుండి మనకు అక్కరకు రాదు.

పదమూడేళ్ళ తగాదా

ఈ ఫీజు మీద జనం గోల ఈనాటిది కాదు. అమెరికాలో వ్యాపారపు మోసాలను కనిపెట్టే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2012 నవంబరులో 22 హోటలు సంస్థలకు హెచ్చరిక లేఖలు పంపింది. విధిగా వసూలు చేసే ఫీజును అద్దెలో కలపకుండా చూపడం చట్టాన్ని మీరడం కావచ్చునన్నది దాని సారాంశం. లేఖలు అందాయి; ఫీజులూ పెరిగాయి. 2017 జనవరిలో ఆ కమిషనే ఒక ఆర్థిక పరిశీలన ప్రచురించింది. మొత్తం ధర మొదట చెప్పకుండా ఫీజును విడదీసి చూపడంవల్ల ప్రయాణికుడికి నష్టమేనని అందులో తేల్చింది.

2019 జూలైలో తగాదా కోర్టుకెక్కింది. రాజధాని వాషింగ్టన్ ప్రాంతపు అటార్నీ జనరల్ మారియట్ సంస్థ మీద, నెబ్రాస్కా రాష్ట్రపు అటార్నీ జనరల్ హిల్టన్ సంస్థ మీద దావాలు వేశారు. 2021 నవంబరులో పెన్సిల్వేనియా రాష్ట్రంతో కుదిరిన రాజీలో, మొత్తం ధర మొదటి పేజీలోనే చూపడానికి మారియట్ ఒప్పుకున్నది. 2024 జూలై 1 నుంచి కాలిఫోర్నియా రాష్ట్రంలో, విధిగా కట్టవలసిన ఫీజులు కలపకుండా ధర ప్రకటించడం చట్టవిరుద్ధమయింది. చివరికి 2024 డిసెంబరు 17న కమిషన్ దేశమంతటికీ వర్తించే నిబంధన ప్రకటించింది. అది 2025 మే 12న అమలులోకి వచ్చింది. బసలకూ, కచేరీలూ ఆటలవంటి వాటి టిక్కెట్లకూ మాత్రమే అది వర్తిస్తుంది. లేఖల నుంచి లెక్కపెడితే ఇంత చిన్న మాట చెప్పడానికి దాదాపు పదమూడేళ్ళు పట్టింది. బ్రిటన్‌లో కూడా 2025 ఏప్రిల్ 6 నుంచి ఇలాంటి కట్టడి వచ్చింది.

ఆ నిబంధన ఏం చేసిందో, ఏం చెయ్యలేదో వెళ్ళేవాళ్ళు తెలుసుకోవడం మంచిది. రిసార్టు ఫీజును అది రద్దు చెయ్యలేదు. వేసుకో, ఎంతయినా వేసుకో, కాని మొదట చూపే అంకెలో కలిపి చూపించు అన్నది. కనక 89 అని కనిపించిన గది ఇప్పుడు 134 అని కనిపించాలి. గది చవక కాలేదు, మాట నిజమయింది. ప్రభుత్వపు పన్నును మాత్రం మొదటి అంకెలో కలపక్కరలేదు, డబ్బు కట్టేముందు చెబితే చాలు. కారు నిలుపుకునే రుసుము వంటివి ఇష్టమైతేనే గనక అవి కూడా విడిగానే వుంటాయి. లాస్ వేగాస్ ప్రధాన వీధిలో ఒకప్పుడు కారు ఊరకే నిలుపుకోనిచ్చేవారు. 2016 నుంచి పెద్ద సంస్థలు దానికి కూడా డబ్బు పుచ్చుకోవడం మొదలుపెట్టాయి. కారు లేకుండా గ్రాండ్ కాన్యన్ ఎలా వెళతామని అడగకండి. చట్టం దృష్టిలో అది ఇష్టమే.

ఇది చాలా చిన్న విజయమని పెదవి విరిచేవాళ్ళున్నారు. నాకలా తోచదు. నూట ముప్పై నాలుగని ముందే తెలిస్తే ఆ కుటుంబం మరో హోటలు చూసుకునేది, లేదా రెండు రాత్రులకు బదులు ఒక రాత్రే వుండేది, లేదా ఇష్టపడే అక్కడే దిగేది. ఏం చేసినా అది వాళ్ళ నిర్ణయం. ఆ నిర్ణయాన్ని వాళ్ళ చేతిలోంచి లాక్కోవడమే ఈ కొసరు చేసిన పని.

ఇంటి సంగతి

దూరపు కొండల సంగతి అలా వుంచి, మన ఊళ్ళకు వద్దాం. మన దగ్గర రిసార్టు ఫీజనే పేరు అంతగా పాతుకోలేదు. పేరు లేనంత మాత్రాన కొసరు లేదని కాదు.

సాయంత్రం సికింద్రాబాదులో నారాయణాద్రి ఎక్కినవాళ్ళు మర్నాడు పొద్దున్నే తిరుపతిలో దిగుతారు. స్నానం చేసి కొండెక్కాలి. కొన్ని లాడ్జీల్లో దిగినప్పటి నుంచి ఇరవై నాలుగు గంటల లెక్క. వాటితో పేచీ లేదు. మరికొన్నింట మధ్యాహ్నం పన్నెండుకు దిగి, మర్నాడు పన్నెండుకు ముందే ఖాళీ చెయ్యాలి. ఉదయం ఆరింటికి తలుపు తట్టితే, ముందు దిగినందుకు సగం రోజు అద్దె, ఒక్కోచోట పూర్తి రోజు అద్దె అంటారు. రైలు వేళలు తెలియని హోటలువాడు తిరుపతిలో వుంటాడా? తెలుసును గనకనే ఆ మాట గది కుదిర్చేటప్పుడు చెప్పడు.

పిల్లల వయసుది మరో తమాషా. రైల్లో ఐదేళ్ళ లోపు పిల్లలకు టిక్కెట్టు లేదు. అందుచేత మన రైళ్ళలో నాలుగున్నరేళ్ళ పిల్లల సంఖ్య ఎప్పుడూ ఎక్కువే. హోటళ్ళలో ఆ గీత ఒకచోట ఐదు, మరోచోట ఎనిమిది, ఇంకోచోట పన్నెండు. గీత దాటిన పిల్లవాడికి అదనపు పరుపు. వద్దు, తల్లి పక్కనే పడుకుంటాడన్నా పరుపు డబ్బు తప్పదు. ఉదయం ఫలహారం అద్దెలోనే అని రాసి వుంటుంది. అది ఇద్దరికేనని ఇడ్లీ నోట్లో పెట్టుకోబోయే వేళకు తెలుస్తుంది. చలికొండల మీద గది వెచ్చజేసే హీటరుకు విడిగా తీసుకునేచోట్లు వున్నాయి. చలి వుండే ఊళ్ళో చలికి విడిగా డబ్బు!

అన్నిటికంటె ఘనమైనది డిసెంబరు చివర పెట్టే విందు. 24, 31 తేదీల రాత్రుల్లో విహారస్థలాల్లోని కొన్ని రిసార్టులు, గది తీసుకున్న ప్రతివాళ్ళూ ఆ రాత్రి విందుకు డబ్బు కట్టి తీరాలంటాయి. గది అద్దెకు వేరే, విందుకు తలకింత వేరే. పెద్దాయన రాత్రిపూట ఒక గ్లాసు మజ్జిగ తాగి తొమ్మిదింటికి పడుకునే మనిషి కావచ్చు. ఆయన తలా లెక్కలోకి వస్తుంది. పైగా ఆ వాద్యాల హోరుకు నిద్ర పట్టదు. నిద్ర పట్టకుండా చేసినందుకు డబ్బు ఇచ్చుకున్నట్టు.

పన్ను గురించి రెండు ముక్కలు చెప్పాలి. ఎందుకంటే కొసరంతా పన్ను మీదకు తోసే గుమస్తాలుంటారు. 2022 జూలై 18 దాకా రోజుకు వెయ్యి రూపాయల వరకు అద్దె గల గదికి జి.ఎస్.టి. లేదు. ఆ రోజు నుంచి 12 శాతం పడింది. 2025 సెప్టెంబరు 22 నుంచి 7,500 రూపాయల దాకా అద్దె గల గదికి 5 శాతం, అది దాటితే 18 శాతం. కనక 7,500 గదికి పన్ను 375 రూపాయలు; 7,501 గదికి 1,350. గట్టు మీద వున్న గది తీసుకునేముందు అటా ఇటా అని అడిగి చూసుకోవాలి. బిల్లులో ఇంతకు మించి ‘ట్యాక్సులు’ అని కనిపిస్తే, అందులో ప్రభుత్వానిది ఎంత, హోటలుది ఎంత అని అడిగే హక్కు మనకున్నది.

ఇప్పుడు ఇడ్లీ, కాఫీ హోటలు సంగతి. బిల్లు కింద 10 శాతం సర్వీసు చార్జి అని వేసే హోటళ్ళు చాలామంది చూసే వుంటారు. ఇది పన్ను కాదు. వడ్డించినవాడి చేతిలో మనం పెట్టే పదో పరకో, యజమాని ముందే మన తరఫున తీసుకోవడం. రెండు వేల బిల్లు మీద 200 సర్వీసు చార్జి వేసి, ఆ 2,200 మీద 5 శాతం జి.ఎస్.టి. వేస్తారు. 2,100 కావలసింది 2,310 అవుతుంది. పన్ను మీద పన్ను విన్నాం. ఇది బహుమానం మీద పన్ను!

2022 జూలై 4న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ దీని మీద మార్గదర్శకాలు ఇచ్చింది. సర్వీసు చార్జిని బిల్లులో తనంత తానుగా కలపరాదు, మరో పేరు పెట్టి వసూలు చెయ్యరాదు, ఇవ్వనన్నవాణ్ణి లోపలికి రానివ్వకుండా ఆపరాదు, దాని మీద జి.ఎస్.టి. వెయ్యరాదు. హోటలు సంఘాలు ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళాయి. ఆ నెల 20నే స్టే వచ్చింది. 2025 మార్చి 28న హైకోర్టు ఆ మార్గదర్శకాలు సరైనవేనని తీర్పు చెప్పి, వాదులైన సంఘాలకు చెరి లక్ష రూపాయల ఖర్చులు విధించింది. ఆ తీర్పు మీద అప్పీలు కూడా దాఖలయింది. మంచినీళ్ళ సీసా విషయంలో మాత్రం గాలి అటు వీచింది. సీసా మీద అచ్చయిన ధరకంటె ఎక్కువకు హోటళ్ళు అమ్ముకోవచ్చునని 2017 డిసెంబరు 12న సుప్రీంకోర్టు చెప్పింది. హోటలువాడు నీళ్ళొక్కటే అమ్మడు, కూర్చోనిచ్చే చోటు, వడ్డన కూడా కలిపి అమ్ముతాడని అందులో తర్కం. కాబట్టి అక్కడ మామూలు నీళ్ళు తెమ్మని అడగడమే మనకు దారి.

హోటళ్ళు నడపడం సత్రం నడపడం కాదని నాకూ తెలుసు. మధురలో రాణీ మంగమ్మ కట్టించిన సత్రంలాంటివి ధర్మం కోసం వెలిసినవి. హోటలు లాభం కోసం వెలిసింది. జీతాలు, కరెంటు, దుప్పట్ల చాకలి ఖర్చు అన్నీ అద్దెలోంచే రావాలి. ఎంత కావాలో అంత అద్దె వెయ్యమనండి. మన భోజన హోటళ్ళలో ఎన్నో ఏళ్ళుగా గోడమీద పలక వున్నది. మామూలు హాల్లో భోజనం ఇంత, ఏ.సి. గదిలో ఇంత, పార్సెలుకు ఇంత, స్వీటు విడిగా. ఆ ఏ.సి. గది ధర ఎక్కువని కోపగించిన మనిషిని నేను చూడలేదు. బయట నిలబడి పలక చదువుకుంటాం, జేబు చూసుకుంటాం, మామూలు హాల్లో కూర్చుంటాం. తిన్న తరవాత పలక వేలాడదీస్తేనే గొడవ.

ఫోనులో గదులు కుదిర్చే కంపెనీలకు ఈ పలక వేలాడదీసే బాధ్యత మన దేశంలో కూడా వచ్చింది. 2023 నవంబరు 30న కేంద్ర ప్రాధికార సంస్థ, కొనేవాణ్ణి మాయచేసే 13 రకాల పోకడలను పేరుపేరునా చెప్పి నిషేధించింది. ధరను బొట్టుబొట్టుగా చెప్పడం అందులో ఒకటి. అడగని ప్రయాణ బీమాను, ధర్మానికి ఒక రూపాయిని మన బుట్టలో మెల్లగా వేసెయ్యడం మరొకటి.

వేసవి సెలవులకు గది మాట్లాడేటప్పుడు అద్దె ఎంతని అడగవద్దు. అద్దె అన్నది వాళ్ళ మాట. “మేము ఇద్దరం పెద్దవాళ్ళం, తొమ్మిదేళ్ళ పిల్లవాడు ఒకడు. ఫలానా రోజు ఉదయం ఆరింటికి దిగుతాం. పన్ను, పరుపు, ముగ్గురి ఫలహారంతో సహా మీ చేతిలో మొత్తం ఎంత పెట్టాలి?” అని అడగాలి. జవాబు నోటిమాటగా కాక, ఫోనులో రాయించి పంపమనాలి. చాలామంది పంపుతారు. పంపడానికి నీళ్ళు నమిలే హోటలు సంగతి అక్కడికక్కడే తెలిసిపోతుంది గనక, వెతుక్కోవడానికి ఇంకా వ్యవధి వుంటుంది. కంప్యూటరులో కుదుర్చుకుంటే, డబ్బు కట్టే చివరి పేజీని బొమ్మ తీసి దాచుకోవాలి. మొదటి పేజీ కాదు.

బిల్లులో సర్వీసు చార్జి కనిపిస్తే, తీసెయ్యమని ముందు హోటలువాళ్ళనే అడగాలి. తియ్యకపోతే జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915 నంబరుకు ఫోను చెయ్యవచ్చు. తెలుగులోనే మాట్లాడవచ్చు. హోటలు పేరు, తేదీ, దేనికింద ఎంత తీసుకున్నారో అడుగుతారు. అందుకని బిల్లును హోటలు గది చెత్తబుట్టలో పారెయ్యకుండా ఇల్లు చేరేదాకా సంచిలో వుంచుకోవాలి.